గేరుబాక్సుకు రక్తపరీక్ష

ఒంట్లో నలతగా ఉంటే డాక్టరుగారి దగ్గరికి వెళతాం. ఆయన నాడి చూస్తారు, నాలుక చూస్తారు. అప్పటికీ సంగతి తేలకపోతే ఏం చేస్తారు? పొట్ట కోసి లోపల ఏముందో చూడరు కదా! చీటీ రాసిచ్చి, రక్తపరీక్ష చేయించుకు రమ్మంటారు. చేతి నుంచి తీసిన కొద్దిపాటి రక్తం, కాలేయం ఎలా ఉందో, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పేస్తుంది. రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది. ఎక్కడ ఏ తేడా వచ్చినా దాని గుర్తు రక్తంలో కలుస్తుంది. అందుకే అది అన్ని అవయవాల కబురూ మోసుకొస్తుంది.

యంత్రాలకు కూడా ఇలాంటి పరీక్ష ఉందంటే నమ్ముతారా? ఆటోమేటిక్ గేరుబాక్సునే తీసుకోండి. దాని లోపల వందలాది భాగాలుంటాయి. ఏ భాగం అరుగుతోందో చూడాలని దాన్ని ఊరికే విప్పకూడదు. విప్పితే ఖర్చు, బండి పని ఆగిపోతుంది, లోపలికి దుమ్ము పోతుంది. పోనీ విప్పకుండా వదిలేద్దామా అంటే, అది ఏ ఘాట్ రోడ్డు మీదో, బండి నిండా జనం ఉన్నప్పుడు మొరాయించవచ్చు. మరి దారేది? ఒక చిన్న సీసాడు నూనె! ఆ నూనెను ప్రయోగశాలలో పరీక్షించి లోపలి సంగతి తెలుసుకుంటారు. ఎలాగో చూద్దాం.

గేర్లు వాటంతటవే మారే బండి

మామూలు బస్సులో డ్రైవరు ఏం చేస్తాడో మీరు చూసే ఉంటారు. ఎడమకాలితో క్లచ్ తొక్కుతాడు, ఎడమచేత్తో గేరు మారుస్తాడు. ఊళ్ళో నుంచి వెళ్ళేటప్పుడు ఈ పని ఎన్నిసార్లు చెయ్యాలో లెక్కే ఉండదు. ఆటోమేటిక్ బండిలో క్లచ్ పెడలే ఉండదు. వేగాన్ని బట్టి, బరువును బట్టి గేర్లు వాటంతటవే మారిపోతాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1939లో హైడ్రామాటిక్ అనే పేరుతో ఇలాంటి గేరుబాక్సును ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టి అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు మన దేశంలో కూడా చాలా కార్లలో, కొన్ని సిటీ బస్సుల్లో, గనుల్లో మట్టి మోసే పెద్ద పెద్ద డంపర్లలో ఆటోమేటిక్ గేరుబాక్సులున్నాయి. వీటిలో రకాలు చాలా ఉన్నాయి. మనం చెప్పుకునేది టార్క్ కన్వర్టరు ఉన్న రకం గురించి.

టార్క్ కన్వర్టరంటే భయపడకండి. రెండు టేబులు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికి మాత్రమే స్విచ్చి వెయ్యండి. దాని గాలి తగిలి రెండో ఫ్యాను రెక్కలు కూడా నెమ్మదిగా తిరుగుతాయి. రెండింటికీ మధ్య తాడు లేదు, గొలుసు లేదు. గాలే బలాన్ని మోసుకెళ్ళింది. టార్క్ కన్వర్టరులోనూ ఇదే ఏర్పాటు. కాకపోతే గాలికి బదులు నూనె ఉంటుంది. ఇంజను ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం విసిరిన నూనె ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. మధ్యలో మూడో చక్రం ఒకటి ఉండి, తిరిగివచ్చే నూనె దారి మళ్ళించి, బండి కదిలేటప్పుడు కావలసిన అదనపు బలాన్ని సమకూరుస్తుంది.

దీని వెనక గ్రహచక్రాల గేర్లుంటాయి. నడుమ సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు, వీటన్నిటినీ చుట్టి బయట పళ్ళ కంకణం. వీటిలో ఒకదాన్ని కదలకుండా పట్టి ఉంచి, మరోదాన్ని తిప్పితే మూడోది ఒక వేగంతో తిరుగుతుంది. పట్టి ఉంచేదాన్ని మారిస్తే వేగం కూడా మారుతుంది. అంటే గేరు మారిందన్నమాట! పట్టి ఉంచే పని క్లచ్ పళ్ళేలది. ఒక ఉక్కు పళ్ళెం, ఒక గరుకు పూత ఉన్న పళ్ళెం, మళ్ళీ ఉక్కు పళ్ళెం, ఇలా పేర్చి ఉంటాయి. వాటిని గట్టిగా అదిమి పట్టేది కూడా నూనె పీడనమే.

ఇప్పుడు ఈ నూనె ఎన్ని పనులు చేస్తోందో లెక్కపెట్టండి. ఇంజను బలాన్ని మోస్తుంది. క్లచ్ పళ్ళేలను అదుముతుంది. గేర్ల పళ్ళ మధ్య కందెనగా పనిచేస్తుంది. పుట్టిన వేడిని బయటికి తీసుకుపోతుంది. గేరుబాక్సులో ఈ నూనె తిరగని మూల లేదు. కారితే ఇంజను నూనె కాదని వెంటనే పోల్చుకోవడానికి చాలా కంపెనీలు దీనికి ఎర్రరంగు కలుపుతాయి. రక్తంతో పోలిక రంగులో కూడా కుదిరింది, చూశారా!

అరుగుదల ఎక్కడికి పోతుంది?

అద్దంలా మెరిసే గేరు పన్నును శక్తివంతమైన సూక్ష్మదర్శినితో చూస్తే అది నున్నగా ఉండదు. కొండలూ లోయలూ కనిపిస్తాయి. రెండు పళ్ళు రాసుకున్నప్పుడు ఆ కొండల కొసలు కొద్దికొద్దిగా విరిగి నూనెలో పడతాయి. నూనె పొర వాటి మధ్య ఉన్నంతకాలం ఈ అరుగుదల చాలా తక్కువ. కాని అసలే లేకుండా పోదు.

ఇలా రాలిన కణాలు సాధారణంగా కొద్ది మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కాబట్టి ఈ కణాలు కంటికి కనిపించవు, చేతికి తగలవు. బాగా సన్నటివి వడపోత జల్లెడలో కూడా చిక్కవు. నూనెతోపాటే తిరుగుతూ ఉంటాయి. కిలోమీటర్లు గడిచేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతూ ఉంటుంది.

మంట చెప్పే సాక్ష్యం

కనిపించని ఇనుమును, రాగిని నూనెలో పట్టుకోవడం ఎలా? దీనికి సమాధానం మీ వంటింట్లోనే ఉంది. ఉప్పు వేసిన ఎసరు పొంగి స్టవ్ మీద పడినప్పుడు నీలిమంట ఒక్కసారి పసుపుపచ్చగా మారడం గమనించారా? ఉప్పులోని సోడియం ఆ రంగు ఇస్తుంది. రాగి లవణాలు మంటను ఆకుపచ్చగా మారుస్తాయి. దీపావళి మతాబుల రంగుల రహస్యం ఇదే.

పరమాణువును బాగా వేడిచేస్తే దానిలోని ఎలక్ట్రానులు పై మెట్టుకు ఎగురుతాయి. మళ్ళీ కిందికి దిగేటప్పుడు, ఎక్కువగా పుచ్చుకున్న శక్తిని కాంతిగా వదిలేస్తాయి. మెట్ల ఎత్తు ఒక్కో మూలకానికి ఒక్కో విధంగా ఉంటుంది. కాబట్టి ఆ కాంతి తరంగదైర్ఘ్యాలు కూడా ఆ మూలకానికే ప్రత్యేకం. మనిషికి వేలిముద్ర ఎలాగో, మూలకానికి వర్ణపటంలోని గీతలు అలాగ! జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ అనే శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితో 1860లో ఒక ఖనిజజలంలో సీసియం అనే కొత్త మూలకాన్ని కనిపెట్టారు. మీ పాఠశాల ప్రయోగశాలలో ఉండే బున్సెన్ బర్నరు ఆయన పేరు మీదిదే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రాన్సుకు చెందిన జాన్సెన్ మన గుంటూరుకు వచ్చి, వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున లేచే జ్వాలలను పరిశీలించాడు. ఆ గ్రహణం వేళ జ్వాలల కాంతిలో కనిపించిన ఒక పసుపుపచ్చ గీత, హీలియం అనే మూలకం ఉందని తెలియడానికి దారి చూపింది.

సూర్యుడిలో ఏముందో చెప్పగల పద్ధతి గేరుబాక్సులో ఏముందో చెప్పలేదా? ప్రయోగశాలలో వాడే ఒక పరికరంలో గ్రాఫైటు బిళ్ళ ఒకటి నూనెలో మునిగి తిరుగుతూ, పల్చటి నూనె పొరను పైకి తెస్తుంది. పైన గ్రాఫైటు కడ్డీ ఉంటుంది. రెండింటి మధ్య విద్యుత్ మెరుపు పుట్టిస్తారు. అక్కడ వేడి కొన్ని వేల డిగ్రీలు! నూనె కాలిపోయి, అందులోని లోహకణాలు ఆవిరై, వాటి పరమాణువులు కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతిని పరికరం గీతలుగా విడదీస్తుంది. సోడియం పసుపు గీత 589 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. రాగి గీత ఒకటి 324.7 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఇది అతినీలలోహిత కాంతి, మన కంటికి కనిపించదు. పరికరానికి కనిపిస్తుంది. ఏ గీత ఉందో చూస్తే ఏ లోహమో తెలుస్తుంది. ఆ గీత ఎంత ప్రకాశంగా ఉందో కొలిస్తే ఆ లోహం ఎంతో తెలుస్తుంది.

పది లక్షల్లో ఒక వంతు

ఫలితాన్ని పి.పి.ఎం.లలో చెబుతారు. పి.పి.ఎం. అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం. ఒక కిలో నూనెలో ఒక మిల్లీగ్రాము ఇనుముంటే అది 1 పి.పి.ఎం.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక కారు గేరుబాక్సులో 8 లీటర్ల నూనె ఉందనుకోండి. లీటరు నూనె 0.85 కిలోల బరువు తూగితే, మొత్తం 6.8 కిలోలు. పరీక్షలో ఇనుము 30 పి.పి.ఎం. అని వచ్చింది. అంటే 30 × 6.8 = 204 మిల్లీగ్రాములు. గ్రాములో అయిదో వంతు! ఇంత ఇనుమునూ ఒకచోట ముద్ద చేస్తే 3 మిల్లీమీటర్ల భుజం గల చిన్న ఘనం అవుతుంది. కందిగింజ కంటే చిన్నది. అంత కొంచెం ఇనుము ఎనిమిది లీటర్ల నూనెలో చెదిరి ఉన్నా పరికరం దాన్ని లెక్కగట్టి చెబుతోంది.

ఏ లోహం ఎవరి కబురు?

ఇనుము కనిపిస్తే అది గేర్ల నుంచో, ఇరుసుల నుంచో, ఉక్కు పళ్ళేల నుంచో వచ్చి ఉంటుంది. రాగితోపాటు తగరమో సీసమో పెరిగితే కంచు బుష్‌లను అనుమానించాలి. అల్యూమినియం అయితే టార్క్ కన్వర్టరు చక్రాలో, పిస్టన్లో, గేరుబాక్సు డొల్లో అరుగుతూ ఉండవచ్చు. ఇసుక అంటే సిలికాన్ డయాక్సైడ్ కదా! కాబట్టి సిలికాన్ పెరిగితే బయటి దుమ్ము లోపలికి చేరుతోందేమో చూడాలి. సోడియమో పొటాషియమో అకస్మాత్తుగా కనిపిస్తే రేడియేటరులోని చల్లబరిచే ద్రవం కారి నూనెలో కలుస్తోందని అనుమానం. చాలా కార్లలో ఈ నూనెను చల్లార్చే గొట్టం రేడియేటరులోనే ఉంటుంది మరి. ఆ ద్రవం కలిస్తే క్లచ్ పళ్ళేల గరుకు పూత ఊడిపోయే ప్రమాదం ఉంది.

అయితే తొందరపడకూడదు. నూనె నురగ కట్టకుండా కంపెనీవారే సిలికాన్ ఉన్న పదార్థాన్ని కలుపుతారు. భాస్వరం, కాల్షియం వంటివి కూడా కొత్త నూనెలోనే ఉండవచ్చు. నూనె చల్లార్చే గొట్టం రాగిదైతే, ఏ అరుగుదలా లేకుండానే కొంత రాగి నూనెలోకి చేరవచ్చు. అందుకే వాడిన నూనెతోపాటు అదే రకం కొత్త నూనెను కూడా పరీక్షించి, రెండింటినీ పోల్చాలి.

లోహాలతోనే పని అయిపోదు. నూనె స్నిగ్ధత కొలుస్తారు. అంటే అది ఎంత చిక్కగా ఉందో చూస్తారు. వేడికి ఆక్సీకరణం చెంది ఎంత ఆమ్లంగా మారిందో చూస్తారు. నీరు కలిసిందేమో చూస్తారు.

ఒక్క అంకె ఏమీ చెప్పదు

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి.

రెండు బస్సులున్నాయి. రెండింటిదీ ఒకే రకం గేరుబాక్సు. మొదటి బస్సు నూనెలో ఇనుము 120 పి.పి.ఎం. రెండో బస్సు నూనెలో 80. ఏ బస్సు ప్రమాదంలో ఉంది?

"మొదటిదే!" అంటారు చాలామంది. ఆగండి. వాటి పాత రిపోర్టులు తీసి చూద్దాం. (ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసిన అంకెలు.) మొదటి బస్సు నూనె పోసినప్పటి నుంచి 80,000 కిలోమీటర్లు తిరిగింది. 20,000 దగ్గర 31, 40,000 దగ్గర 60, 60,000 దగ్గర 91, ఇప్పుడు 120. ప్రతి పదివేల కిలోమీటర్లకు దాదాపు 15 చొప్పున పెరుగుతూ వచ్చింది. అడుగు తప్పలేదు. రెండో బస్సు తిరిగింది 40,000 మాత్రమే. 10,000 దగ్గర 15, 20,000 దగ్గర 29, 30,000 దగ్గర 44, ఇప్పుడు 80! చివరి పదివేలలో 15కు బదులు 36 పెరిగింది. అదే సమయంలో రాగి కూడా 30 నుంచి 70కి ఎగిరింది. లోపల ఏదో మొదలైంది. ముందు చూడవలసింది రెండో బస్సునే.

మొదటి బస్సును చూసి భయపడి విప్పి ఉంటే డబ్బు దండగ. రెండో బస్సును "80యే కదా" అని వదిలేసి ఉంటే దారిలో ఆగిపోయేది. అంకె ఒక్కటే చూసినవాడు రెండు చోట్లా తప్పుదారి పడతాడు. అంకె ఎంత అన్నదానికంటే, అది ఏ వేగంతో పెరుగుతోంది అన్నది ముఖ్యం. గ్రాఫు కాగితం మీద కిలోమీటర్లు అడ్డంగా, పి.పి.ఎం.లు నిలువుగా గుర్తించి గీత గీయండి. మొదటి బస్సుది తిన్నని ఏటవాలు గీత. రెండోది చివర మెడ పైకెత్తుతుంది. ఆ వంపే మనకు అందే హెచ్చరిక. కొత్త గేరుబాక్సులో మాత్రం మొదట్లో లోహాలు కొంచెం ఎక్కువగానే వస్తాయి. కొత్త చెప్పులు కాలికి కుదిరేదాకా రాసుకున్నట్టు, గేర్లు ఒకదానికొకటి కుదురుకొనేదాకా అలా ఉంటుంది. తర్వాత తగ్గుతుంది.

నూనె మారిస్తే నయమైనట్టేనా?

రెండో బస్సు గేరుబాక్సులో మొత్తం 15 లీటర్ల నూనె ఉందనుకోండి. కింది బిరడా విప్పి వదిలితే 9 లీటర్లే వచ్చాయి. మిగతా 6 లీటర్లు టార్క్ కన్వర్టరులోనూ గొట్టాల్లోనూ ఉండిపోయాయి. తొమ్మిది లీటర్ల కొత్త నూనె పోశారు. వెంటనే పరీక్షిస్తే ఇనుము ఎంత వస్తుంది? 80 × 6 ÷ 15 = 32. "ఎనభై కాస్తా ముప్ఫై రెండుకు దిగింది, జబ్బు నయమైంది" అని సంతోషిస్తే ఎలా? జబ్బు అలాగే ఉంది. సాక్ష్యం పల్చబడింది, అంతే! అందుకే నమూనా సీసా మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, నూనె ఎప్పుడు మార్చారు, ఎంత కలిపారు అన్నీ రాయాలి. ఈ వివరాలు లేని రిపోర్టు పేరు లేని జవాబు పత్రం లాంటిది.

నమూనా తీయడంలోనూ పద్ధతి ఉంది. బండిని కొంతసేపు నడిపి, నూనె వేడిగా బాగా కలిసి ఉన్నప్పుడే తీయాలి. బిరడా విప్పి తీస్తే, మొదట వచ్చే అడుగు మడ్డిని వదిలేసి, మధ్యధార పట్టాలి. సీసా శుభ్రంగా, పొడిగా ఉండాలి. మురికి సీసాలో పడితే రోడ్డు దుమ్మును గేరుబాక్సు జబ్బని పొరబడతాం.

పరీక్షకు కనిపించనివి

ఏ పరికరమైనా అన్నీ చూడలేదు. మెరుపులో చిన్న కణాలే పూర్తిగా ఆవిరవుతాయి. 5 నుంచి 10 మైక్రాన్లు దాటిన కణాలు సరిగా లెక్కకు రావు. గేరు పన్ను పెచ్చులుగా ఊడిపోతుంటే, రిపోర్టులో ఇనుము తక్కువగానే కనిపించవచ్చు! అందుకోసం వేరే పద్ధతి ఉంది. ఏటవాలుగా ఉంచిన గాజుపలక మీద నూనెను పారించి, కింద బలమైన అయస్కాంతం పెడతారు. ఇనుప కణాలు పలక మీద వరసగా అంటుకుంటాయి. వాటి ఆకారాన్ని సూక్ష్మదర్శినితో చూస్తారు. పల్చటి చిన్న రేకులైతే మామూలు అరుగుదల. మెలితిరిగిన రజనులాంటివైతే ఏదో భాగం మరోదాన్ని కోస్తోంది. పెద్ద పెచ్చులైతే లోహం అలసిపోయి పగులుతోంది. 1970ల్లో అభివృద్ధి అయిన ఈ పద్ధతిని ఫెర్రోగ్రఫీ అంటారు. చాలా గేరుబాక్సుల అడుగున కూడా ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. నూనె మార్చేటప్పుడు దానికి ఏం అంటిందో చూడటం మంచి మెకానిక్కులు మరిచిపోరు.

ఇంకొకటి. కార్ల క్లచ్ పళ్ళేల గరుకు పూతలో ఎక్కువ భాగం కాగితం వంటి నారపదార్థమే. అది అరిగితే లోహం రాదు కాబట్టి, లోహాల పరీక్షకు అది చిక్కదు. నూనె నల్లబడటం, మాడువాసన, కరగని మడ్డి, గేరు జారడం, ఇవన్నీ కలిపి చూడాలి. రిపోర్టు వచ్చింది కదా అని డాక్టరు రోగిని చూడటం మానేస్తారా?

రైలు పట్టాల మీద మొదలైన కథ

1946లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వేవారు డీజిలు ఇంజన్ల వాడిన నూనెలో లోహాలను వర్ణపట పద్ధతిలో కొలిచి, ఇంజన్ల లోపాలను ముందుగా పసిగట్టారు. 1950లలో అమెరికా నౌకాదళం ఇదే పద్ధతిని విమానాల ఇంజన్లకు వాడటం మొదలుపెట్టింది. రైలు ఆగిపోతే పక్కకు నెట్టవచ్చు. విమానం ఆకాశంలో ఆగితే? అక్కడి నుంచి లారీలకు, గనుల యంత్రాలకు, గేరుబాక్సులకు ఈ పరీక్ష వ్యాపించింది. మన రైల్వే డీజిలు షెడ్లలో కూడా ఇంజను నూనెలో లోహాలను పరీక్షించే ప్రయోగశాలలున్నాయి.

మీరే చేసి చూడండి

వాడిన గేరు నూనెను ముట్టుకోకండి. అది చర్మానికి మంచిది కాదు. ఎర్రసిరా చాలు. ఆరు గాజు గ్లాసులు వరసగా పెట్టండి. మొదటి గ్లాసులో 1 చెమ్చా సిరా, 9 చెమ్చాల నీరు పోసి కలపండి. దానిలోంచి 1 చెమ్చా తీసి రెండో గ్లాసులో పోసి, 9 చెమ్చాల నీరు కలపండి. ప్రతిసారీ చెమ్చా కడుగుతూ, ఆరో గ్లాసుదాకా ఇలాగే చెయ్యండి. ఆరో గ్లాసులో సిరా పది లక్షల్లో ఒక వంతు. అంటే 1 పి.పి.ఎం.! గ్లాసుల వెనక తెల్లకాగితం పెట్టి, ఎన్నో గ్లాసు దగ్గర మీ కన్ను ఓడిపోయిందో రాసుకోండి.

చివరగా ఒక ప్రశ్న. ఒక కారు నూనెలో ఇనుము, రాగి ఎప్పటిలాగే నిలకడగా పెరుగుతున్నాయి. సిలికాన్ మాత్రం రెండు పరీక్షల మధ్య నాలుగు రెట్లయింది. నూనె రకం మార్చలేదు. మీరైతే గేరుబాక్సును విప్పిస్తారా? లేక ముందు ఇంకేదైనా చూస్తారా? కారణంతో సహా రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.